బాగా మేసిన పొట్టేలే ముందు ఎందుకు చచ్చిపోతుంది?

బక్రీద్‌కు వారం పది రోజుల ముందు నుంచే ఎల్బీ నగర్ వైపు సందడి మొదలవుతుంది. నల్గొండ, దేవరకొండ దిక్కు నుంచి సాగర్ రోడ్డు మీదుగా డీసీఎంలలో గొర్రెలు వస్తాయి. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, సైదాబాద్ గల్లీల్లో ఇంటి ముందు పొట్టేలు కట్టేసి కనిపిస్తుంది. పిల్లలకు అదే ఆట. ఒకరు శనగలు పెడతారు, ఒకరు మక్కలు, ఇంకొకరు రొట్టె, రాత్రి మిగిలిన అన్నం. "తిననీ, బలంగా అవుతుంది" అంటారు పెద్దవాళ్లు.

రెండు మూడు రోజులకు, ఫజర్‌కు లేచి చూస్తే పొట్టేలు పడిపోయి ఉంటుంది. తల వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని, చచ్చిపోయింది. ఇలాంటి మాట ప్రతి బక్రీద్‌కూ ఏదో ఒక ఇంటి నుంచి వినిపిస్తుంది. అమ్మినవాడు రోగం గొర్రెను అంటగట్టాడని గొడవ, ఎవరో దిష్టి పెట్టారని అనుమానం. చాలాసార్లు అసలు కారణం మనం ప్రేమగా పెట్టిన ఆ శనగలు, మక్కలే.

మన గొల్ల కురుమలకు ఇది కొత్త కాదు. చిటికె వేసినంతలో ప్రాణం తీస్తుంది కాబట్టి దీన్ని 'చిటుక రోగం' అంటారు. డాక్టర్లు ఎంటరోటాక్సీమియా, పొట్టిగా ఈటీ అంటారు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.90 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం. అందుకే ఇక్కడ చిటుక పేరు వింటే కాపరి గుండె ఝల్లుమంటుంది.

దీనికి కారణం క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. అందులో 'డి' రకం. ఇది బయటి నుంచి దాడి చేసే శత్రువు కాదు, ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లో కూడా కొద్దిగా ఉంటుంది. గడ్డి మేసే జీవికి ఒక్కసారిగా గింజలు పెడితే, అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి జారుతుంది. బ్యాక్టీరియాకు అది దావత్. గంటల్లోనే కోట్లలో పెరిగి, ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది.

కానీ వదిలినప్పుడు అది దాదాపు విషమే కాదు. ఒరలో ఉన్న కత్తిలాంటిది. దాని ఒక చివర చిన్న తోకలాంటి ముక్క ఉంటుంది. అది ఉన్నంత వరకు విషం అణువులు ఒకదానితో ఒకటి జతకట్టలేవు. మరి ఒర తీసేది ఎవరు? గొర్రె ఒళ్లే. మాంసకృత్తులను అరిగించడానికి క్లోమం నుంచి ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైములు పేగులోకి వస్తాయి. అవి ఈ విషాన్ని కూడా తిండే అనుకుని ముందు వైపు 13, వెనక వైపు 29 అమైనో ఆమ్లాలను కోసేస్తాయి. అంతే, విషం బలం సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. ల్యాబులో ఈ విషం బలం కొలవాలన్నా ముందు ట్రిప్సిన్ కలపాల్సిందే.

ఇక అది పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. మెదడు రక్తనాళాల కణాలు, మూత్రపిండాల కణాల పైపొరకు అతుక్కుంటుంది. ఏడు అణువులు గుండ్రంగా చేరి, పొరలోకి ఒక గొట్టాన్ని దించుతాయి. కణానికి చిల్లు పడ్డట్టే. లోపలి పొటాషియం బయటికి, బయటి సోడియం, క్యాల్షియం లోపలికి. కణం ఉబ్బి చచ్చిపోతుంది. మెదడు వాస్తుంది. తల వెనక్కి విరుచుకోవడం, కాళ్లు కొట్టుకోవడం అందుకే.

విచిత్రం ఏంటంటే ఇదే బ్యాక్టీరియాలో 'సి' రకం వదిలే బీటా విషాన్ని ఇదే ట్రిప్సిన్ నాశనం చేస్తుంది. అది కూడా చిల్లులు పెట్టే విషమే. పుట్టిన కొత్తలో గొర్రెపిల్ల తాగే జున్నుపాలల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది, కాబట్టి పసిపిల్లలకు ఆ బీటా విషం తగులుతుంది. పాపువా న్యూ గినీలో మనుషులకే వచ్చింది: విందుల్లో పంది మాంసంతో పాటు తినే చిలగడదుంపల్లో ట్రిప్సిన్‌ను ఆపే గుణం ఉండడంతో పిల్లలు పేగులు కుళ్లి చనిపోయేవాళ్లు. ఒకే ఎంజైము, ఒక విషానికి తాళంచెవి, ఇంకోదానికి గొడ్డలి.

లక్షణాలు కనిపించాక మందు దాదాపు పనిచేయదు. పని చేసేది టీకా. ఫార్మలిన్‌తో విరిచేసిన విషమే అందులో ఉంటుంది. దానివల్ల తయారైన యాంటీబాడీలు ఆ అణువులు జట్టు కట్టకముందే రక్తంలో పట్టుకుంటాయి. హైదరాబాద్ శాంతినగర్‌లోని ప్రభుత్వ వెటర్నరీ బయోలాజికల్ సంస్థలో ఈ టీకా తయారవుతుంది. తొలకరి లేత గడ్డికి కూడా చిటుక వస్తుంది కాబట్టి కాపరులు వానలకు ముందే వేయిస్తారు. 2023 నుంచి మూడేళ్లు బక్రీద్ జూన్‌లోనే వచ్చింది, సరిగ్గా ఆ ముప్పు కాలంలో.

కొనేటప్పుడు పళ్లు చూస్తాం, కొమ్ములు చూస్తాం. "ఈటీ టీకా వేశారా భాయ్, ఎప్పుడు వేశారు?" అని కూడా అడగండి. ఇంటికి తెచ్చాక వేయిస్తే పండగలోపు పని చేయకపోవచ్చు, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మొదటిసారి అయితే రెండో డోసు కూడా కావాలి. గింజలు తిని చచ్చిన ప్రతి గొర్రెదీ చిటుక కాదు, కడుపులో పులుపు పెరిగి కూడా చస్తాయి. రెండింటికీ జాగ్రత్త ఒకటే: వచ్చిన చోట ఏం మేసేదో అమ్మినవాణ్ని అడిగి అదే పెట్టండి. పచ్చగడ్డి, ఎండుగడ్డి, నీళ్లు చాలు. గింజలు పెట్టాలనిపిస్తే గుప్పెడుతో మొదలుపెట్టి రోజురోజుకూ కొద్దిగా పెంచండి. శనగల డబ్బా మాత్రం పిల్లలకు అందని చోట పెట్టండి.