ఇప్పపూల వేళ ఈస్టర్: బస్తర్ విశేషాలు

బస్తర్‌లో ఈస్టర్ ఎప్పుడూ ఇప్పపూల కాలంలోనే వస్తుందని మీకు తెలుసా? ఈ పండుగకు స్థిరమైన తేదీ లేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ చర్చి లెక్క ప్రకారం వచ్చే మొదటి పున్నమి దాటాక, తొలి ఆదివారం నాడు జరుపుకుంటారు. అందుకే అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటిపోదు. దండకారణ్యంలో ఇప్పచెట్లు పూలు రాల్చే రోజులు కూడా అవే. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఎండెక్కక ముందే ఏరుకోవాలి కాబట్టి ఆడవాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. యేసు సమాధి ఖాళీగా ఉండటాన్ని మొదట చూసింది తెల్లవారుతుండగా అక్కడికి వెళ్లిన స్త్రీలేనని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. ఆ వేళకు లేచి పనికి వెళ్లే ఆడవాళ్లున్న అడవి పల్లెలో ఈ కథను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

జర్మన్లు బస్తర్‌కు బయల్దేరి కోరాపుట్‌లో ఆగారు

జర్మనీ ఉత్తర కొసన బ్రెక్లుమ్ అనే ఊళ్లో 1876లో ఒక లూథరన్ మిషన్ మొదలైంది. ఆ మిషన్ పంపిన తొలి ఇద్దరు, హెర్మన్ బోత్‌మన్, ఎర్నెస్ట్ పోల్, 1882లో మన దేశానికి వచ్చారు. వాళ్లు వెళ్లాలనుకున్నది బస్తర్ సంస్థానానికి. అక్కడ ఉండటానికి అనుమతి దొరకలేదు. దాంతో సాలూరు, కోరాపుట్ వైపు మళ్లారు. ఇప్పటి జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ మళ్లింపులోంచి పుట్టిందే. బస్తర్‌కు రావలసిన సంఘం పక్క కొండల్లో వేళ్లూనుకుందన్నమాట.

ఇల్లెందు నుంచి జగదల్‌పూర్

మరి బస్తర్ తలుపు ఎవరికి తెరుచుకుంది? అమెరికన్ మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డ్‌కు. తెలుగువాళ్లకు ఆయన కొత్త కాదు. సింగరేణి బొగ్గు సీమలో, ఇల్లెందులో పనిచేసిన మనిషి. 1890ల తొలినాళ్లలో ఆయన జగదల్‌పూర్ చేరాడు, సంస్థానం మిషన్‌కు స్థలం ఇచ్చింది. ఆ పాలకులు తమ వంశమూలం ఓరుగల్లు కాకతీయులదని చెప్పుకునేవారు. జగదల్‌పూర్‌లో అందరూ లాల్ చర్చ్ అని పిలిచే ఎర్ర ఇటుకల గుడి ఈ మెథడిస్టు సంఘానిదే. దాని పూర్తి పేరు చందయ్య మెమోరియల్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చ్. ఛత్తీస్‌గఢ్ పట్టణం నడిబొడ్డున ఆ గుడి చందయ్య అనే తెలుగు పేరు మోస్తోంది.

గోదావరి మీద పడవలు ఆగాయి, మిషన్ ఆగలేదు

ఇంకొంచెం వెనక్కి, 1860ల తొలినాళ్లకు వెళ్దాం. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని కాటన్ దొర కన్న కలను నిజం చేసేందుకు దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు జరుగుతున్నాయి. ఆ పనులు చూస్తున్న సైనిక ఇంజనీరు హేగ్‌కు చుట్టూ ఉన్న కోయల మీద మనసు పోయింది. చర్చ్ మిషనరీ సొసైటీ కోయ మిషన్‌కు ఆయనే ఆద్యుడు. అందులో మొదటి బోధకుడు మాత్రం మనవాడే, వెంకటరామరాజు. సర్కారు కొలువు వదులుకుని వచ్చి కోయల మధ్య కాపురం పెట్టాడు. జలమార్గం పథకాన్ని 1871లో మూలన పడేశారు. మిషన్ మాత్రం నిలిచింది.

దుమ్ముగూడెంలో చాలాకాలం ఉన్న జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజల మీద రాసిన వ్యాసాలను పరిశోధకులు ఈనాటికీ తిరగేస్తారు. 19వ శతాబ్దంలోనే లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది. కోయమాట గోదావరితో ఆగిపోదు. శబరి దాటి బస్తర్ వైపు కోంట, సుక్మా దాకా దోర్ల ఆదివాసుల నోట అదే మాట, తెలుగు పదాలు దండిగా కలుపుకుని వినిపిస్తుంది.

లూకా సువార్త చివరి అధ్యాయం చదివారా? యేసు చనిపోయాడని దిగులుతో ఇద్దరు శిష్యులు ఎమ్మాయు అనే పల్లెకు నడిచి వెళ్తుంటారు. దారిలో ఒక బాటసారి కలుస్తాడు. ఆయనెవరో వాళ్లు గుర్తుపట్టరు. పొద్దుపోయింది, మాతో ఉండమని బతిమాలతారు. భోజనానికి కూర్చుని ఆయన రొట్టె విరిచినప్పుడు తెలుస్తుంది, లేచిన ప్రభువు ఆయనేనని. పల్లె బాట, పొద్దువాలిన వేళ, ఎరగని అతిథికి పెట్టిన అన్నం. కోయ పల్లెకు ఇందులో పరాయిది ఒక్కటీ లేదు. పునరుత్థానం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఈ ఒక్క కథే ఎక్కువ నచ్చుతుంది.

అనుమానించిన శిష్యుడి పిల్లలు

గాయాలు తాకి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమా. ఆయన క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని అక్కడి క్రైస్తవుల సంప్రదాయం. ఆ తోమా క్రైస్తవుల్లోని సీరో మలబార్ సంఘమే బస్తర్ కతోలిక పీఠాన్ని నడుపుతోంది. 1972లో జగదల్‌పూర్‌ను ప్రత్యేక ప్రాంతంగా ఏర్పరచి, 1831లో మన్నానంలో పుట్టిన కార్మెలైట్ సభకు అప్పగించారు. తొలి బిషప్ పౌలినస్ జీరకత్. మన ఆదిలాబాద్ పీఠం కూడా ఈ సంఘానిదే, 1999లో చాందా నుంచి విడదీశారు.

వీళ్ల తోమా సిలువను గమనించండి. దాని మీద యేసు దేహం ఉండదు. ఆయన లేచాడు కాబట్టి ఖాళీగా ఉంది. ఈస్టర్ తర్వాత వచ్చే వారాలను వీళ్లు కియాంతా, అంటే పునరుత్థాన కాలం అంటారు. ఒక్కరోజు పండుగగా ముగించరు.

మతగురువు పదవి వదిలి వచ్చిన ఎల్విన్

బస్తర్‌కు వచ్చినవాళ్లందరూ మతం చెప్పడానికే రాలేదు. మురియా ఆదివాసుల యువతీయువకులు కలిసి ఉండే ఘోటుల్ మీద 1947లో పెద్ద గ్రంథం వెలువరించిన వెరియర్ ఎల్విన్ మొదట ఆంగ్లికన్ మతగురువు. 1927లో పుణెలోని క్రిస్త సేవా సంఘంలో చేరేందుకు వచ్చి, 1930ల నడుమ చర్చిని వీడాడు. 1940ల మొదట్లో బస్తర్‌లో ఉన్నాడు. ఆదివాసుల మతం మార్చకూడదని చివరిదాకా గట్టిగా వాదించాడు.

గుడి లేని చోట

ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులు 2011 జనగణన ప్రకారం 4,90,542 మంది, అంటే నూటికి ఇద్దరైనా లేరు. బస్తర్ పల్లెల్లో వాళ్లను విశ్వాసులని పిలుస్తారు. వాళ్లలో వాళ్లు కలిస్తే జై మసీహ్ కీ అంటారు. శిఖరం, గంట ఉన్న చర్చి ఏ కొద్ది చోట్లో ఉంటుంది. మిగతా చోట్ల పెంకుటింటి వసారా, పరిచిన చాప, ఒక డోలక్ చాలు. ఇద్దరు ముగ్గురు తన పేరిట కూడిన చోట తాను ఉంటానని యేసు ఇచ్చిన మాట వీళ్లకు రోజూ అక్కరకొచ్చే మాట. ఎందుకు నమ్మావని అడిగితే చాలామంది జబ్బు సంగతే ఎత్తుతారు. ప్రార్థన చేశారు, లేచి కూర్చున్నాను అంటారు. చచ్చిపోయినవాడైతే ఎలా వింటాడు, బతికున్నాడు కాబట్టే విన్నాడు అన్నది వాళ్ల తర్కం.

ఈ నమ్మకానికి కట్టవలసి వచ్చిన మూల్యం పెద్దది. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల పల్లెల నుంచి వందలాది విశ్వాసులను తరిమేశారు. చాలామంది నారాయణపూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో చర్చిలోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు.

ఇద్దరికీ చనిపోయినవాళ్లు దూరం కాదు

బస్తర్ గోండుల ఇళ్లలో పెద్దల ఆత్మలకు ఒక గది ఉంటుంది. దాన్ని ఆనాకుడ్మ అంటారు. చనిపోయినవాళ్లు ఇంటికే తిరిగొస్తారు, కొత్త పంటలో తొలిముద్ద వాళ్లదే. దిల్మిలి, గమావాడ దగ్గర నిలువెత్తు రాళ్లు పూర్వుల జ్ఞాపకంగా నాటినవే. శ్మశానం వాళ్లకు ఉత్త నేల కాదు, వంశం ఉండే చోటు. ఆ కర్మకాండ విడిచిన ఇంటి మనిషిని అందులో పూడ్చడానికి ఊరు ఎందుకు అడ్డుపడుతుందో అర్థం చేసుకోవచ్చు. విశ్వాసికేమో సమాధి అంటే లేచే రోజు దాకా నిదురించే చోటు. ఈస్టర్ వేకువన కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లే అలవాటు అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. చావుతో మనిషి అయిపోడని రెండు పక్షాలూ నమ్ముతాయి. పేచీ అంతా నేల దగ్గరే.

2025 జనవరి 7న బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఒక పాస్టర్ చనిపోయారు. ఊళ్లో పూడ్చనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న తీర్పు వచ్చేదాకా, ఇరవై రోజులు, శవం మార్చురీలోనే ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులు పట్టారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ. మార్చురీలో శవం ఇంకా ఆగకూడదని, విస్తృత ధర్మాసనానికి పంపకుండా, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో ఖననం జరిపించమన్నారు. రాష్ట్రమంతటా క్రైస్తవులకు ఖనన స్థలాలు గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో రాశారు.

ఆ మాట కాగితం మీద మిగిలిపోకూడదు. ఊరి పూర్వుల శ్మశానం పవిత్రతకు భంగం రాకుండానే, గ్రామసభలు కూర్చుని విశ్వాసులకు ఊరికి దగ్గర్లో ఒక చెక్క నేల చూపించవచ్చు. ఇంకో ఇంట్లో శవం పడి ఉండకముందే ఆ పని చేయాలి.