పేరు లేని వైన్‌కి పేరొచ్చింది!

మూడేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి రాసిన మాడ్యూల్ అది. బారీలో క్లయింట్‌కి డెమో ఇచ్చేటప్పుడు నా పేరు ఒక్కసారీ రాలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర మొహం మాడ్చుకుని కూర్చుంటే, ఇటాలియన్ సహోద్యోగి గ్లాసులో ముదురెరుపు వైన్ పోశాడు. 'ప్రిమిటీవో, మాండూరియాది' అన్నాడు.

ప్రిమిటివ్... అంటే ఆదిమకాలంనాటిదా అనడిగా. పగలబడి నవ్వాడు. మిగతా ద్రాక్షల కంటే ముందు పండుతుందని ఆ పేరట. ఆగస్టు చివరికే కోతలు మొదలవుతాయి. 18వ శతాబ్దం చివర్లో జోయా దెల్ కొల్లే అనే ఊళ్లో ఓ చర్చి ఫాదర్ ఈ రకాన్ని గుర్తించి, విడిగా నాటించాడు.

ఇటలీ మ్యాప్‌లో బూటు మడమ ఉంటుంది చూశారా, అదే పుల్యా. అక్కడి ఎండకి పండులో చక్కెర బాగా చేరుతుంది. అదే పులిసి ఆల్కహాల్ అవుతుంది. మాండూరియా ప్రిమిటీవోలో కనీసం 13.5 శాతం ఉండాలి. ఈ ఘాటు కోసమే ఉత్తరాది వ్యాపారులు ట్యాంకర్లకొద్దీ కొని, తమ పల్చటి వైన్లలో కలిపేవారు. బలం వీళ్లది, సీసా మీద పేరు వాళ్లది. అచ్చం నా కథే!

1974లో మాండూరియా ప్రిమిటీవోకి డీఓసీ గుర్తింపు వచ్చింది. 1990ల్లో అమెరికా శాస్త్రవేత్త కరోల్ మెరెడిత్ డీఎన్‌ఏ పరీక్షలతో అసలు ట్విస్ట్ బయటపడింది. కాలిఫోర్నియా వాళ్లు తమదని గర్వపడే జిన్‌ఫాండెల్, ఇదీ ఒకటే! 2001లో క్రొయేషియా తీరంలోనూ అదే తీగ దొరికింది. దాంతో ప్రిమిటీవో దశ తిరిగింది.

శనివారం మాండూరియా వెళ్లా. మన దగ్గర ద్రాక్షకి పందిరి వేస్తాం కదా, అక్కడి పాత తీగలకి అదేం లేదు. నడుమెత్తు పొదల్లా ఉన్నాయి. కాపు తక్కువ, రుచి చిక్కన. పక్కనే ఖాళీ చేను చూపించాడు మావాడు. ధర గిట్టుబాటు కాని రోజుల్లో, తోటలు పీకేస్తే యూరప్ ప్రభుత్వాలు డబ్బులిచ్చాయట. వాళ్ల తాత కూడా పీకేశాడు. 'ఇంకొన్నేళ్లు ఆగుంటే...' అని ఆపేశాడు.

పేరొచ్చేదాకా తీగ బతికుండాలిగా!

హోటల్‌కొచ్చి డ్రాఫ్ట్స్‌లో పడున్న మెయిల్ తెరిచా. 'ఆ మాడ్యూల్ రాసింది నేను' అని మొదలుపెట్టి, సెండ్ కొట్టేశా.