కంటికొక్కటి, యంత్రమునకు రెండు

మా ఊరు సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్. ఈ ఊరిపేరే మొన్న రాత్రి మా ఇంట పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

మా వారు ఉపాధ్యాయులు. ఒక దాత ఈ ఊరి బాలికలకు నోటుపుస్తకములిత్తుననగా, బడి పట్టికనుండి వారి పేర్లు వేరుచేయుటకు, జావా నేర్చుకొనుచున్న మా అమ్మాయి ఒక ప్రోగ్రాము వ్రాసెను. తెల్లవారినచో పంపకము. ఊరిపేరు టైపు చేయగా ఒక్క పేరును రాలేదు!

“అమ్మా, ప్రోగ్రాములోనే ఊరిపేరు రెండుమారులు వ్రాసి పోల్చినపుడు సరియనియే చెప్పినదే!” యని అది దిగులుపడెను.

సోదరీమణులారా, మీ పిల్లలకును ఈ తడబాటు రాగలదు గావున వివరించుచున్నాము. మా పెట్టెలో నొక భాగవతమున్నది, పొరుగింట నొకటి యున్నది. పద్యములవియే, ప్రతులు వేరు. జావాలో రెండు మాటలనడుమ == అను గుర్తు పెట్టినచో, అది “రెండును ఒకే ప్రతియా?” అని మాత్రమే అడుగును. అక్షరములను పోల్చవలెనన్న ‘ఈక్వల్స్’ అనుదానిని పిలువవలెను. ప్రోగ్రాములోనే వ్రాసిన ఒకే మాటకు జావా ఒకే ప్రతి నుంచును గనుక మొదట సరియనినది. టైపు చేసినది క్రొత్త ప్రతి గనుక కాదనినది. తప్పును దాచిపెట్టునట్టి ఆ మొదటి ‘సరి’యే మాకు మిక్కిలి కోపము తెప్పించినది.

ఈక్వల్స్ పెట్టగా ముప్పదిరెండు పేర్లు వచ్చినవి. కాని మా వీథి బాలిక యొకతె పేరు లేదు. పట్టికలో ఆమె ఊరిపేరు చక్కగనే యున్నది. ఛందస్సు చదివినవారము గనుక మేము వ్రేళ్లపై లెక్కించితిమి: నా, రా, య, ణ, ఖేడ్, అయిదు. యంత్రము గుణింతపు గుర్తులను, పొల్లును వేరువేరుగ నెంచును గావున దానికి పదియట. ఆ బాలిక వరుసలో మాత్రము పదునొకండు!

మా వారికప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మొదట ‘నారాయణఖేడ్‌లో’ అని కొట్టి, పిదప ‘లో’ తుడిచివేసిరట. డకారపు పొల్లు లకారముతో కలిసి ‘నారాయణఖేడ్లో’ అని కాకుండుటకై నడుమ నొక అదృశ్యమైన గుర్తు నుంతురు. యూనికోడు పట్టికలో దాని సంఖ్య 8204. ‘లో’ పోయినను అది నిలిచిపోయినది. చివరి ఖాళీలను కత్తిరించు ‘ట్రిమ్’ దానిని ముట్టలేదు. ‘రీప్లేస్’ చేత తొలగింపవలసివచ్చెను. పోల్చుటకు మాత్రమే తొలగించి, అసలు పట్టికను అట్లే యుంచుమని మేము చెప్పితిమి. అది లేనిచో కొన్ని మాటల రూపమే మారును గదా.

ఆ బాలిక పేరు ముప్పదిమూడవదిగ వచ్చినది. దీపమార్పబోవగా మా వారు, “తక్కిన తరగతుల పట్టికలును నేనే కొట్టితిని” అనుచు మరల కూర్చుండిరి.