పొరుగూరి ఆటల ఇంజను

గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే మూడు పాత ఊళ్ళు 1973లో కలిసి మన కేంబ్రిడ్జ్ అయింది. ఇక్కడ కారెక్కితే అరగంటలో వాటర్లూ. 1984లో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు అక్కడ పెట్టిన రీసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీయే తర్వాత బ్లాక్‌బెర్రీగా పేరు మోసింది. దాని ఫోన్ల కథ అందరికీ తెలిసిందే. ఆటలకోసం ఆ కంపెనీ సొంతంగా ఒక ఇంజను తయారుచేసుకున్న సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆటలకు ఇంజనేమిటని పాఠకులు అడగవచ్చు. మన తోలుబొమ్మలాటలో తెర, దీపం, బొమ్మల్ని ఆడించే కట్టుదిట్టం ఒకసారి అమరితే రామాయణమైనా ఆడవచ్చు, భారతమైనా ఆడవచ్చు. కంప్యూటరు ఆటల్లోనూ అంతే. బొమ్మను తెరమీద గీయడం, బంతి గోడకు తగిలి తిరిగి రావడం, శబ్దం, వేలి తాకిడి - ప్రతి ఆటకూ వీటిని మళ్ళీ మొదటినుంచి రాసుకోనక్కరలేకుండా ఒకచోట కూర్చిన సరంజామాయే ఇంజను.

మొదట్లో బ్లాక్‌బెర్రీకి ఈ గొడవే లేదు. అది ఉత్తరాలు పంపుకునే పనిముట్టు. అయినా ఫోనుతోపాటే వచ్చిన బ్రిక్‌బ్రేకర్‌ను టైలు కట్టుకున్న పెద్దమనుషులు కూడా బొటనవేళ్ళు నొప్పిపుట్టేదాకా ఆడారు. కంపెనీలో పనిచేస్తూ అలీ అసారియా రాసిన ఆట అది. 2010 మొదట్లో అమెరికాలోని స్మార్ట్‌ఫోన్లలో 40 శాతానికి పైగా బ్లాక్‌బెర్రీలే. కానీ 2008లో ఆపిల్ ఐఫోనుకు యాప్‌ల అంగడి తెరిచినప్పటినుంచీ ఫోను కొనేవాడు మీటలు కాదు, ఆటలు చూడసాగాడు.

అప్పుడు మేలుకొన్నారు. 2010లో క్యూఎన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొని, దాని పునాది మీద 2011లో ప్లేబుక్ పలక తెచ్చారు. ఆ వెనుకే వచ్చింది 'గేమ్‌ప్లే' ఇంజను. సీ ప్లస్ ప్లస్‌లో రాశారు. వస్తువులు ఢీకొనే లెక్కలకు బుల్లెట్‌ను, ఆట నడకకు లువా భాషను జతచేశారు. తాళం వేసి దాచుకోకుండా అపాచీ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. పైగా ఐఫోను, ఆండ్రాయిడ్‌ల మీద కూడా నడిచేలా చేశారు. ఇది మంచి ఎత్తేనని నా అభిప్రాయం. ఎవరికోసం రాసిన ఆటయినా బ్లాక్‌బెర్రీకి కూడా వస్తుంది కదా!

డబ్బు కూడా చల్లారు. తమ నాణ్యత ముద్ర పొందిన యాప్ ఏడాదిలో 1,000 డాలర్లు తెస్తే, దాన్ని 10,000 చేసి ఇస్తామన్నారు. 2013 జనవరిలో ఒకటిన్నర రోజుల్లో 15,000 యాప్‌లు వచ్చిపడ్డాయి. పెళ్ళికి జనం వచ్చారుగాని, అందులో చుట్టాలెందరో!

జనవరి 30న బ్లాక్‌బెర్రీ 10 విడుదలయింది. అదే ఏడు యూనిటీ అనే ఇంజను ఆ ఫోన్లకూ వచ్చింది. అప్పటికే ఆటలు రాసేవాళ్ళు దానికి అలవాటుపడ్డారు. ఇక కొత్తదాన్ని ఎందుకు నేర్చుకుంటారు? ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గేమ్‌ప్లేలో పనితనం లోటు కాదు. దాన్ని పోషించే చేయి బలహీనపడింది.

సెప్టెంబరులో 4,500 మందిని తీసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. సిబ్బందిలో అది దాదాపు 40 శాతం. ఆ చలికాలం ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో అప్పు వాయిదాల లెక్కలు తిరగరాశారో! ఇంకా పర్మనెంట్ రెసిడెన్సీ రాక వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకైతే ఉద్యోగంతోపాటు దేశమే చేజారే భయం. ఇంజనంటే మనకు కోడే కనబడుతుందిగాని, దాన్ని రాసినవాళ్ళకూ అద్దెలూ, బడికెళ్ళే పిల్లలూ ఉంటారు.

2015లో ఆ కంపెనీయే ఆండ్రాయిడ్ ఫోను తెచ్చింది. 2016లో సొంతంగా ఫోన్ల తయారీ మానేసింది. 2022 జనవరి 4న పాత ఫోన్లకు సేవలు ఆగిపోయాయి.

విచిత్రం ఏమంటే, అడుగున ఉన్న క్యూఎన్ఎక్స్ మాత్రం చెక్కుచెదరలేదు. వాటర్లూ విశ్వవిద్యాలయంలో చదువుకున్న గార్డన్ బెల్, డాన్ డాడ్జ్ 1980లో మొదలుపెట్టిన ఆ పని ఇప్పుడు 25 కోట్లకు పైగా వాహనాల్లో నడుస్తోంది. అది ఏ ఒక్క ఫోనునూ నమ్ముకోలేదు. గేమ్‌ప్లే అన్నిటి మీదా నడిచినా, దానికి అన్నం పెట్టింది ఒక్క ఫోనే. దాని కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. మన పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్ళు తెరిచి చదువుకోవచ్చు.