ప్రవర్తన విశ్లేషణలో పిహెచ్‌.డి.: పట్టా వేరు, ధ్రువపత్రం వేరు

మనోవిజ్ఞానశాస్త్రం, ప్రత్యేక విద్య చదివే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న: ప్రవర్తన విశ్లేషణలో పిహెచ్‌.డి. ఎక్కడ చేయాలి? ఆ పేరుతో ప్రత్యేక శాఖ కోసం వెతకకండి. మన వద్ద సాధారణంగా మనోవిజ్ఞానశాస్త్రంలోనో విద్యాశాస్త్రంలోనో నమోదై, దీనిని పరిశోధనాంశంగా ఎంచుకోవాలి.

ఈ శాస్త్రం వ్యక్తి చేసిన పనిని, దానికి ముందు జరిగినదాన్ని, తరువాత కలిగిన ఫలితాన్ని కలిపి పరిశీలిస్తుంది. హార్వర్డ్‌లో 1931లో పిహెచ్‌.డి. పొందిన బి.ఎఫ్. స్కిన్నర్ దీనికి పునాది వేశారు. దానిని బడికి, ఇంటికి తెచ్చిన అనువర్తిత శాఖకు 1968లో సొంత పరిశోధన పత్రిక ఏర్పడింది. మనకు దగ్గరి ఉదాహరణ సికింద్రాబాద్‌లోనే ఉంది. మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (నేటి ఎన్‌.ఐ.ఇ.పి.ఐ.డి.) నుంచి 1992లో రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ భారతీయ బాలల కోసం ఒక ప్రవర్తన మాపనిని వెలువరించారు. అందులో నైపుణ్యాలకు 280, సమస్యాత్మక ప్రవర్తనలకు 75 అంశాలున్నాయి.

ఇక పరిశోధన ఎలా సాగుతుందో చూద్దాం. మౌలాలిలోని ఒక బడిలో ఒక బాబు పదేపదే బల్ల మీది నుంచి లేస్తున్నాడనుకోండి. ముందుగా ఏ మార్పూ చేయకుండా కొన్ని రోజులు లెక్కిస్తాం. ఇది ఆధారరేఖ. లేచినప్పుడల్లా టీచరు మందలిస్తున్నారు. ఆ మందలింపే బాబుకు దొరుకుతున్న శ్రద్ధ, అంటే పునర్బలనం కావచ్చు. అందుచేత కూర్చున్నప్పుడు మెచ్చుకొని, లేచినప్పుడు పట్టించుకోకుండా చూస్తాం. లేవడం తగ్గిందా? పాత పద్ధతికి వెళితే మళ్లీ పెరిగిందా? కొత్త పద్ధతి తిరిగి తెస్తే తగ్గిందా? అప్పుడే కారణం మన చేతికి చిక్కినట్లు. వందమంది సగటు కన్నా ఒక్క బాలుడి రేఖాపటం ఇక్కడ ఎక్కువ చెబుతుంది. అయితే తల గోడకు కొట్టుకునే పిల్లవాడి విషయంలో పాత స్థితికి తిరిగి వెళ్లడం అన్యాయం. అటువంటప్పుడు బహుళ ఆధారరేఖ రూపకల్పన వాడాలి: ఒక్కొక్క బాలుడికి ఒక్కొక్క సమయంలో మార్పు మొదలుపెడతారు.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌.డి. కనీస కాలం 3 సంవత్సరాలు, సాధారణ గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. కోర్సు వర్కుకు కనీసం 12 క్రెడిట్లు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైంగా చేయవచ్చు గానీ దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయడానికి వీల్లేదు. ‘ఇంట్లోనే డాక్టరేట్’ అనే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి.

అమెరికాలో 1998లో ఏర్పడిన బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు ధ్రువపత్రం మరో సంగతి. అది పట్టా కాదు. 2023 జనవరి 1 నుంచి ఆ బోర్డు కొద్ది దేశాల్లో నివసించేవారి దరఖాస్తులే స్వీకరిస్తోంది. వాటిలో మన దేశం లేదు. దాన్ని ఇప్పిస్తామని లక్షలు అడిగే శిక్షణల విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ చికిత్సా మనోవిజ్ఞానిగానో ప్రత్యేక ఉపాధ్యాయుడిగానో పనిచేయాలంటే 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. పిహెచ్‌.డి. ఒక్కటే ఆ నమోదుకు బదులు కాదు.

దరఖాస్తుకు ముందే పర్యవేక్షకుడిని కలవండి; ఏక వ్యక్తి ప్రయోగాలు చేయించిన అనుభవం ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. బడి అనుమతి, నైతిక సమితి ఆమోదం, తల్లిదండ్రుల సమ్మతి లేనిదే లెక్కింపు మొదలుపెట్టరాదు. సమ్మతి పత్రం వారి భాషలో ఉండాలి. మౌలాలిలో అయితే తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ సిద్ధం చేసుకోండి.