ఫిగ్మా వస్తే లైఫ్ సెటిలా?

వడ్లు అమ్మిన డబ్బు ఖాతాలో పడగానే నిజాంసాగర్, బాన్సువాడ వైపు నుంచి హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు బస్సెక్కే పిల్లలు కొత్తేమీ కాదు. ఇప్పుడు కోర్సు మారింది. జావా కాదట, యూఎక్స్ డిజైన్, అంటే యాప్‌ల తెరలను వాడేవాళ్లకు వీలుగా తీర్చిదిద్దే పని. ‘మూడు నెలల్లో ఫిగ్మా, కోడింగ్ అక్కర్లేదు, లైఫ్ సెటిల్’ అని రీల్ చెప్పింది. నాన్న ఫీజు కట్టాడు.

రీల్ చెప్పనిది ఇది. ఫిగ్మా అనేది ఆ తెరలు గీసే సాఫ్ట్‌వేర్ మాత్రమే. ఒకప్పుడు తెరలు ఎక్కువగా ఫొటోషాప్‌లో గీసేవాళ్లు. తర్వాత స్కెచ్ వచ్చింది. ఇన్‌విజన్ లేనిదే పని నడవదన్నారు. 2024 చివర్లో అది దుకాణం కట్టేసింది. ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని 2022లో ప్రకటించిన అడోబీ, మరుసటి ఏడాది డిసెంబరులో ఆ బేరం వదులుకుంది. పోటీగా పెట్టిన తన ఎక్స్‌డీని కూడా పట్టించుకోవడం మానేసింది. మరి ఎక్స్‌డీ నేర్చుకున్నవాడు ఏమయ్యాడు? పని తెలిసినవాడైతే నాలుగు రోజుల్లో ఫిగ్మాకు మారాడు. తెలియనివాడు మళ్లీ ఫీజు కట్టాడు.

ఏమిటా పని? 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్‌ను గుర్తు చేసుకోండి. పాస్‌బుక్కులో తప్పు దిద్దించుకోవాలంటే రైతుకు అందులో ‘టీఎం33’ అనే మాడ్యూల్ సంగతి తెలియాల్సి వచ్చేది! బటన్ రంగు మారిస్తే తీరే చిక్కా అది? పట్టాదారు తన కష్టాన్ని ఏ మాటల్లో చెబుతాడు, మీసేవ కుర్రాడు దాన్ని ఏ గడిలో నింపుతాడు, తహసీల్దారుకు చివరికి ఏం కనబడుతుంది, ఇవన్నీ తిరిగి చూడాలి. పదేళ్ల తర్వాత కూడా జీతం తెచ్చేది ఆ చూపే. తూము షట్టర్ తిప్పడం వచ్చినంత మాత్రాన చివరి ఆయకట్టుకు నీళ్లు చేర్చడం వచ్చినట్టు కాదని మన నిజాంసాగర్ ప్రాజెక్టు కింది రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి ఈ పనికి బొమ్మలు గీయడం రావాలా? అక్కర్లేదు. కోడింగ్? రాయనక్కర్లేదు, డెవలపర్ మాట అర్థమైతే చాలు. నలభై దాటితే మేనేజర్ కావాల్సిందేనా? పెద్ద కంపెనీల్లో ప్రిన్సిపల్ డిజైనర్ అనే మెట్టు మరెందుకుంది?

ఏఐ ఈ రంగాన్ని మింగేసిందన్న మాట మాత్రం, ఒప్పుకోబుద్ధి కావడం లేదు గానీ, సగం నిజం. ఫిగ్మాయే 2025లో ‘మేక్’ తెచ్చింది. ఏం కావాలో మాటల్లో రాసిస్తే తెర తయారు. కొత్తవాళ్లకు అప్పగించే పని అదే కాబట్టి తొలి ఉద్యోగం కష్టమైంది. అయితే తెలుగు వత్తులు బటన్ అంచున తెగిపోతున్నాయని, ఇంగ్లిషు కొలతకు చేసిన గడిలో ‘దరఖాస్తు సమర్పించండి’ పట్టదని పట్టుకోవడానికి ఇంకా మనిషి కావాలి.

మొదటి మూడేళ్లు జీతం కన్నా, పక్కన కూర్చుని తప్పులు దిద్దే సీనియర్ ఉన్న చోటు వెతకండి. తర్వాత బ్యాంకింగో, వైద్యమో, వ్యవసాయమో ఒకదాన్ని లోతుగా పట్టండి. చూపు లేనివాళ్లకూ పనికొచ్చేలా తెర చేయడం నేర్చుకోండి. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. కాలేజీలో డిజైన్ చదవాలనుకుంటే, ఇంటర్‌లో ఉన్నవాళ్లకు యూసీడ్, డిగ్రీ అయినవాళ్లకు సీడ్ పరీక్షలున్నాయి. పోర్ట్‌ఫోలియోలో జొమాటోను మళ్లీ గీయకండి, అందరూ గీసేశారు. బాన్సువాడలో ఏదైనా మీసేవ కేంద్రంలో ఒక పూట కూర్చుని, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోండి.

ఫీజు కట్టే ముందు ఆ సంస్థను ఒక్కటే అడగండి: నిజమైన యూజర్లతో ఎన్ని రోజులు మాట్లాడిస్తారు? ‘అదంతా థియరీలో కవరవుతుంది’ అన్నారా, బస్సు చార్జీతోనే బయటపడ్డామనుకుని వచ్చేయండి.