ఇంజనుకు నామఫలకము

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గము 1916లో ఏర్పడినది. మన దేశమున పొగయింజనులలో అధికభాగమునకు సంఖ్యయే గాని పేరు లేదు. పేరు పొందినవి కొన్ని. చిత్తరంజన్ కర్మాగారమున 1950లో తయారైన మొదటి ఇంజనునకు చిత్తరంజన్ దాసుగారి బిరుదమైన ‘దేశబంధు’ అనియు, 1970లో తయారైన తుది బ్రాడ్‌గేజి పొగయింజనునకు ‘అంతిమ్ సితారా’, అనగా కడపటి నక్షత్రము, అనియు పేరిడిరి.

రామాపురమునందలి బాలుడొకడు దేశబంధు నమూనాను చేయబూనెననుకొందము. 87వ వంతు ప్రమాణమున 10 సెంటీమీటర్ల అక్షరము మిల్లీమీటరు కంటె కొంచెమే పెద్దదగును. దానిని ఉలితో చెక్కుట ఎవరి తరము? కావున ఇత్తడిరేకుపై వెలుతురు సోకినచో గట్టిపడు పూతను పూసి, అక్షరములు మాత్రమే పారదర్శకముగా నున్న ఫిల్మును దానిపై పరచి, కాంతిని ప్రసరింపజేయుదురు. గట్టిపడని పూతను కడిగివేసి, రేకును ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున ముంచుదురు. పూత లేనిచోట ఇత్తడి కరగును. అక్షరములు ఉబ్బెత్తుగా మిగులును. పిదప ఫలకమంతటికి నల్లరంగు వేసి, ఆరిన పిమ్మట సన్నని గరుకుకాగితముతో పైపైన రుద్దినచో అక్షరములు మాత్రము బంగారమువలె మెరయును. ఆ ద్రావణము చర్మమునకును, కన్నులకును హానికరము. పెద్దల తోడు లేక బాలురు దానిని ముట్టరాదు. చేయించిన ఫలకమును కొనుటయు తప్పుగాదు.

తెలుగు లిపిలో నీ పని మరింత కష్టము. ‘ధ’కారమునకు క్రిందనుండు చిన్నగీత ద్రావణమున కరగిపోయెనా, ‘దేశబంధు’ కాస్తా ‘దేశబందు’ అగును! అందుచే ఆ గీతను మాత్రము కొలతకు మించి వెంట్రుకవాసి లావుగా గీయక తప్పదు.